ఊరి చివరి ఇంటికి ఇంటర్‌నెట్టు
(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా ఈ సభలో ఖబరస్తాన్ ప్రహరీగోడ గురించి, పేదింటి ఆడపిల్లల పెళ్లిళ్ల గురించి, పిల్లల ఫీజుల గురించి మాట్లాడుకుంటున్నాము. ఈ ఏడు కార్యవర్గం మమ్మల్ని ఇంటర్‌నెట్టు గురించి చెప్పమన్నది. ఆ మాట మైకులో చదవగానే ముందు వరుసలో ఇద్దరు పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకొని నవ్వినారు. మేము చూశాం. నాలుగేళ్ల కిందట అయితే మేమూ వారి పక్కన కూర్చొని నవ్వేవాళ్లమే. ఎందుకు నవ్వడం మానుకున్నామో ముందుగా చెబుతాము.

2023లో మన వీధిలో ఒక పిల్లకు ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది. పేరు చెప్పము, ఈ సభలోనే ఉన్నది. ర్యాంకు వచ్చిన తరువాత ఏ కాలేజీలు కావాలో ఆన్‌లైన్‌లో వరుసగా పెట్టాలి, వెబ్ ఆప్షన్లంటారు. దానికి కొద్ది రోజులే గడువు. వాళ్ల నాన్న ఆటో తోలుతాడు. పగలు ఖాళీ లేదు, పిల్లను ఒంటరిగా తొమ్మిది కిలోమీటర్ల అవతల బజారులోని నెట్ సెంటరుకు పంపడం ఇంట్లో ఇష్టం లేదు. చివరి రోజు రాత్రి మిద్దె ఎక్కి ఫోను చేతబట్టుకొని కూర్చున్నది. పేజీ సగం తెరుచుకుంటుంది, ఆగిపోతుంది. తొమ్మిది దాటాక తండ్రి ఆటోలో ఎక్కించుకొని బయలుదేరాడు. వాళ్లు పోయేసరికి నెట్ సెంటరు షట్టరు దించేశారు. అప్పటికి నమోదైన మూడు నాలుగు ఆప్షన్లతోనే ఎక్కడో దూరాన సీటు వచ్చింది. అంత దూరం హాస్టలుకు పంపమన్నారు పెద్దలు. ఆ ఏడాది ఆ పిల్ల ఇంట్లోనే ఉండిపోయింది.

ఇందులో తప్పు పిల్లదా? తండ్రిదా? మేము ఎవరినీ అనడం లేదు. కాని ఆ సంగతి తెలిసిన రోజున అసర్ నమాజు అయ్యాక మసీదు అరుగు మీద కూర్చొని అనుకున్నాం, మన ఊరికి రోడ్డు లేదని అర్జీలు పెట్టాం, నీళ్లు లేవని పెట్టాం, దీనికి మాత్రం ఎవరమూ ఎన్నడూ పెట్టలేదు.

మగవారికి ఈ బాధ అంతగా తెలియదు. బండి వేసుకొని హైవే మీదికి పోతే సిగ్నలు వస్తుంది, టీ తాగుతూ పని చూసుకొని వస్తారు. ఆడపిల్ల ఎక్కడికి పోతుంది? ఇంట్లో నెట్టు ఉంటే చదువు ఉన్నది, లేకుంటే లేదు. 2019లో కేరళలో ఒక ముస్లిం విద్యార్థిని, హాస్టలులో సాయంత్రం వేళ ఫోను వాడరాదన్న నిబంధనకు ఒప్పుకోనందుకు వెళ్లగొడితే, హైకోర్టుకు పోయింది. ఇంటర్‌నెట్టు అందుబాటులో ఉండడం చదువుకునే హక్కులో భాగమని ఆ కోర్టు తీర్పు చెప్పి, ఆమెను తిరిగి చేర్చుకోమన్నది. తీర్పు కేరళలో వచ్చింది, సిగ్నలు మాత్రం మన మిద్దె మీదికి రాలేదు.

చదువొక్కటే కాదు. స్కాలర్‌షిప్పు దరఖాస్తు జాతీయ పోర్టల్లోనే. హజ్ దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. 2025 జూన్‌లో కేంద్రం ఉమీద్ అనే పోర్టల్ తెరిచి వక్ఫ్ ఆస్తుల వివరాలు ఆరు నెలల్లో అందులో ఎక్కించమన్నప్పుడు, మన ముతవల్లీ గారు దర్గా మాన్యం కాగితాలు సంచిలో పెట్టుకొని బజారుకు ఎన్నిసార్లు తిరిగారో వారినే అడగండి. ఆ చట్టం మంచిదా కాదా అన్నది వేరే సభలో మాట్లాడుకునే విషయం. కాగితం ఎక్కించడానికి తీగ కావలసి వచ్చిందన్నదే ఇక్కడ మా మాట.

సరే, ఏం చేశామో చెబుతాము. మొదటి పని లెక్క తీయడం. మన మూడు వీధుల్లో 118 గడపలు. కుర్రవాళ్లు నలుగురు ఒక నోటుబుక్కు పట్టుకొని ఇల్లిల్లూ తిరిగారు. ఏ సిమ్ము, నెలకు ఎంత, ఇంట్లో ఏ మూల సిగ్నలు వస్తుంది, ఎన్నింటికి పోతుంది, ఇవే ప్రశ్నలు. వచ్చిన జవాబులు చూస్తే మాకే ఆశ్చర్యం వేసింది. పడమటి వీధికి నల్లమల కొండ మొన అడ్డం. టవరు హైవే పక్కన ఉన్నది, కొండ వెనక ఇళ్లకు దాని చూపు తగలదు. నడిమి వీధిలో ఒక కంపెనీ సిమ్ము పనికిరాని చోట ఇంకొక కంపెనీది బాగా వస్తున్నది. అయినా అందరూ ఆ పనికిరాని సిమ్మునే వాడుతున్నారు, ఎందుకంటే బావమరిది అదే కొన్నాడు గనుక! నంబరు మారకుండానే కంపెనీ మారవచ్చునని, పోర్ట్ అని రాసి పది అంకెల నంబరు చేర్చి 1900కు మెసేజి పెడితే చాలునని చాలామందికి తెలియదు. పైసా పెట్టుబడి లేకుండా ఇరవై ఇళ్ల కష్టం అక్కడికక్కడే సగం తీరింది.

మారేముందు పరీక్ష చేసుకోండి. చుట్టాలెవరి ఫోనైనా ఒక రోజు తెప్పించి మీ ఇంట్లోనే పెట్టి చూడండి. పొద్దున పదింటికి చూసి సంబరపడవద్దు. రాత్రి ఏడు నుండి పది దాకా చూడండి. టవరు అందరికీ కలిపి ఒక్కటే, పంపు దగ్గర బిందెల వరుస వంటిది. పగలు వచ్చిన వేగం రాత్రికి పదో వంతు కావడం మా నోటుబుక్కులో చాలాచోట్ల ఉన్నది.

వేగం గురించి ఒక మాట, దీనిలోనే మోసపోతాం. కరపత్రం మీద 40 ఎంబీపీఎస్ అని ఉంటుంది. అది మెగాబిట్లు. మనం డౌన్‌లోడు చేసే పుస్తకం, సినిమా కొలిచేది మెగాబైట్లలో. ఎనిమిది బిట్లు ఒక బైటు. అంటే 40 అన్నది సెకనుకు అయిదు మెగాబైట్లే. అదీ మంచిదే, పిల్లల పాఠాలకు అందులో నాలుగో వంతు చాలు. 2023 జనవరిలో ప్రభుత్వం బ్రాడ్‌బ్యాండ్ అనాలంటే కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలని నిర్ణయించింది. అంతకు ముందు అందులో నాలుగో వంతుకే, 512 కేబీపీఎస్‌కే, ఆ పేరు ఇచ్చేవారు. మన పడమటి వీధిలో రాత్రిపూట ఆ పాత లెక్కకు కూడా అందలేదు.

ఇక డబ్బు లెక్క. నెల ప్యాకు అంటాం గాని చాలావాటికి 28 రోజులే. ఏడాదికి 12 సార్లు కాదు, 13 సార్లు వేయాలి. మాట వరసకు 299 రూపాయల ప్యాకు అనుకుందాం. ఒక ఫోనుకు ఏడాదికి 3,887. ఇంట్లో మూడు ఫోన్లుంటే 11,661. ఇంత పోసినా రోజువారీ డేటా కోటా అయిపోగానే వేగం పడిపోయి వీడియో పాఠం నిలిచిపోతుంది. అదే ఇంటికి 399 అని రాసి ఉన్న ఫైబరు కనెక్షను తీసుకుంటే, రాసి ఉన్నది చూసి మురిసిపోకండి, 18 శాతం జీఎస్టీ కలిపి దగ్గర దగ్గర 471 అవుతుంది, ఏడాదికి 5,652. మిగిలిన ఆరు వేలతో ఫోన్లకు మాటలకు మాత్రమే పనికివచ్చే ప్యాకు వేయించుకోవచ్చు. డేటా అక్కర్లేనివారి కోసం మాటలు, మెసేజిల వరకే వేరే ప్యాకు ఉండి తీరాలని 2024 డిసెంబరులో ట్రాయ్ ఉత్తర్వు ఇచ్చింది. దుకాణంవాడు తనంత తాను చెప్పడు, అడగాలి. ఆ ప్యాకులు కూడా వేసుకుంటే చివరికి పెద్దగా మిగిలేది లేదు. మేము ఇంట్లో లెక్క వేసి చూసుకున్నాం కాబట్టి నిజం చెబుతున్నాం. అయితే అదే డబ్బుకు ఇల్లంతటికీ నెట్టు వస్తుంది. మూడు ఫోన్లలో పంచుకున్న డేటాకు, దీనికి పోలిక లేదు. ఒక్క ఫోనే ఉన్న ఇంట్లో మాత్రం ఫైబరు దండగ. ఒంటరిగా ఉండే మా పెద్దమ్మకు వద్దని మేమే చెప్పాము.

ఫైబరు రాకముందు పడమటి వీధికి ఒక ఉపాయం చేశాం. సిమ్ము పెట్టుకునే 4జీ రౌటరు ఒకటి, దానికి బయటి యాంటెన్నా తగిలించుకునే వీలున్నది చూసి కొన్నాము. పాత రోజుల్లో దూరదర్శన్ కోసం మిద్దెల మీద పెట్టిన చేపముల్లు యాంటెన్నా గుర్తుందా, అదే జాతి. ఇనుప పైపు మీద ఎత్తి, టవరు వైపు తిప్పి, ఒకరు పైన తిప్పుతుంటే ఒకరు కింద చూసి అరవడం. ఎనభైల్లో రామాయణం సీరియలుకు తిప్పినవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు, వారి చేతికే ఈ పని బాగా వచ్చింది. మొదట మేము చేసిన తప్పు చెబుతాము. రౌటరును కింద గదిలో ఉంచి యాంటెన్నా నుండి పదిహేను మీటర్ల కేబులు దింపినాము. పైన దొరికిన సిగ్నలంతా ఆ కేబులులోనే అరిగిపోయింది. తరువాత రౌటరును మిద్దె మీద నీళ్లు తగలని పెట్టెలో యాంటెన్నా పక్కనే ఉంచి, అక్కడి నుండి కిందికి మామూలు నెట్ కేబులు వేశాం. అప్పుడు వచ్చింది. ఫైబరు ఎన్నటికీ రాని ఒంటి ఇళ్లకు, తోటల్లో ఉండేవారికి ఇప్పటికీ మేము చెప్పేది ఇదే.

ఇక అసలు కథ ఫైబరుది. మన పంచాయతీ ఆఫీసులో గోడకు తగిలించిన ఒక ఇనుప పెట్టె మీరందరూ చూసే ఉంటారు, తాళం వేసి ఉంటుంది. దేశంలోని రెండున్నర లక్షల పంచాయతీలకు ఫైబరు తీగ లాగాలని కేంద్ర మంత్రివర్గం 2011 అక్టోబరులో నిర్ణయించింది. 2015లో దానికి భారత్‌నెట్ అని పేరు పెట్టారు. 2023 ఆగస్టులో సవరించిన పథకానికి సుమారు 1 లక్షా 39 వేల కోట్లు మంజూరు చేశారు. ఇది ఎవరి దానమూ కాదు. టెలిఫోను కంపెనీల ఆదాయం నుండి పల్లెల కోసమని ఏళ్ల తరబడి పక్కన పెట్టిన నిధి ఒకటున్నది, మనం వేసే రీచార్జిలో పైసలే అవి. అట్లాగే మన రాష్ట్రంలో ఏపీ ఫైబర్‌నెట్టును 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ప్రారంభించారు. ఆనాడు నెలకు 149 రూపాయలకు 15 ఎంబీపీఎస్ నెట్టు, టీవీ, టెలిఫోను మూడూ కలిపి ఇస్తామన్నారు. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే తీగ లాగినారు. ఖర్చు తగ్గింది, పని త్వరగా అయింది. గాలివానకు తెగడం, కొండ కింది ఊళ్లలో కోతులు పట్టి ఊగడం కూడా దానితోపాటే వచ్చింది.

పంచాయతీ దాకా తీగ వచ్చినంత మాత్రాన ఇంటికి వచ్చినట్టు కాదు. కాలువ ఊరి పొలిమేర దాకా తెచ్చి, పిల్లకాలువ తవ్వకుండా వదిలేసినట్టు. ఆ పిల్లకాలువ తవ్వేవాడు మన కేబుల్ టీవీ అబ్బాయి. ప్రభుత్వ సంస్థ తీగ అయినా, ప్రైవేటు కంపెనీది అయినా ఇంటి గుమ్మం దాకా తెచ్చేది అతనే. కనుక ముందుగా మంచి చేసుకోవలసింది అతన్ని. మేము పోయి అడిగితే, "మీ వీధులకు తీగ వేస్తే నాకు గిట్టదు భాయ్, పదిమంది పెట్టించుకుంటారు, మూడో నెల అయిదుగురు మానేస్తారు" అన్నాడు. అతని మాట తప్పని మేము అనలేకపోయాం. ఎన్ని ఇళ్లయితే గిడుతుందో చెప్పమన్నాము. ఇరవై అయిదు అన్నాడు, తలా మూడు నెలల డబ్బు ముందుగా ఇవ్వాలన్నాడు.

మా నోటుబుక్కు అప్పుడు పనికి వచ్చింది. రంజాను నెలలో తరావీహ్ అయ్యాక ఇంటింటికి తిరిగి 31 మందిని ఒప్పించాం. ఒప్పుకున్నది ఎక్కువగా ఆడవారే, సంతకం పెట్టింది మాత్రం మగవారు. ఏడుగురు ముందు డబ్బు కట్టలేమన్నారు. జకాత్ సొమ్ములో నుండి కడదామని కుర్రవాళ్లు అన్నారు. ఇమాం సాబు ఒప్పుకోలేదు. జకాత్ హక్కుదారు చేతికి చేరవలసిన సొమ్ము, తీగకూ స్తంభానికీ పెట్టేది కాదన్నారు. చివరికి విడిగా చందా పోగుచేసి, ఆ ఏడుగురికి వడ్డీ లేని బదులుగా ఇచ్చాం. అయిదుగురు తీర్చేశారు. ఇద్దరి సంగతి సంఘానికి తెలుసు, వారిని ఇక్కడ ఇబ్బంది పెట్టము.

తీగ వచ్చాక కూడా కథ ఉన్నది. ఫైబరంటే వెంట్రుకంత గాజు పోగు. అందులో పోయేది కరెంటు కాదు, వెలుగు. ఒక పోగును స్ప్లిటరు అనే చిన్న డబ్బాతో ముప్పై రెండు ఇళ్లకో, అరవై నాలుగు ఇళ్లకో పంచుతారు. పంచినప్పుడల్లా వెలుగు తగ్గుతుంది. అతుకు పడిన ప్రతిచోటా కొంత పోతుంది, మడత పడితే చాలా పోతుంది. మొదటి నెలలోనే నడిమి వీధిలో ఆరు ఇళ్లలో పెట్టె మీద ఎర్రలైటు వెలగడం మొదలయింది. ఫోను చేస్తే "పెట్టె ఆపి మళ్లీ వేయండి" అన్నారు. పదిసార్లు ఆపి వేశాం. పదిహేను రోజులు ఇదే మాట. అప్పుడు మన వీధి కుర్రవాడొకడు, డిప్లొమా చదివినవాడు, వచ్చిన మనిషి చేతిలోని మీటరు చూపించమని అడిగాడు. మైనస్ 29 చూపుతున్నది. మైనస్ 20, 22 ఉంటే బాగున్నట్టు, మైనస్ 27 దాటితే పెట్టెకు వెలుగు అందనట్టే. వెదికితే, ఒక మిద్దె మూల దగ్గర తీగను లంబకోణంలో మడిచి మేకు కొట్టినారు. మడత విప్పి గుండ్రంగా తిప్పగానే ఆరు ఇళ్లకూ పచ్చలైటు వచ్చింది. అప్పటి నుండి కనెక్షను పెట్టించుకున్న ప్రతి ఇంట్లో మొదటి రోజు మీటరు అంకె గోడ మీద పెన్సిలుతో రాయించి పెడుతున్నాం. రేపు చెడితే వాదనకు ఆధారం ఉంటుంది. పెన్సిలు ఖర్చు ఒక్కటే!

మీరు ఆ పెట్టెకు పన్నెండు వోల్టుల చిన్న యూపీఎస్ కూడా పెట్టించుకోండి. కరెంటు పోయినా తీగలో వెలుగు వస్తూనే ఉంటుంది, మన పెట్టెకే కరెంటు కావాలి. పరీక్షల నెల వేసవి కోతల నెలా ఒకటే కదా.

ఫిర్యాదు చేయడం కూడా నేర్చుకోవాలి. ఫోనులో గట్టిగా మాట్లాడడం ఫిర్యాదు కాదు. ఫిర్యాదు నంబరు ఇవ్వమనండి, తారీఖుతో రాసుకోండి. తీరకపోతే అదే కంపెనీలో అప్పీలు అధికారి ఉంటాడు, ముప్పై రోజుల్లోగా ఆయనకు రాయండి, 39 రోజుల్లో తేల్చాలని నిబంధన. టెలిఫోను కంపెనీల మీద వినియోగదారుల కమిషనుకు పోరాదని కంపెనీలు చాలా కాలం వాదించాయి. పోవచ్చునని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. మేము ఇంతవరకు అప్పీలు దాకానే పోయాం, అదీ ఒక్కసారే. ఆ కాగితం పోస్టు చేసిన నాలుగో రోజున లైన్‌మ్యాన్ వచ్చాడు.

ఇప్పుడు మసీదు సంగతి. సంఘం ఆఫీసు గదిలో ఒక కనెక్షను పెట్టి ఇల్లు లేనివారికి, ఫైబరు అందనివారికి వైఫై ఇద్దామన్నప్పుడు పెద్ద గొడవే జరిగింది. దీన్ పని చేయవలసిన చోట ఇదేమిటని పెద్దలు కోప్పడ్డారు. వారి భయం మాకు తెలియనిది కాదు. ఇమాం సాబు అన్న మాట ఏమిటంటే, "పిల్లల జేబులో అది ఇప్పటికే ఉన్నది. జేబులో ఉంటే నేను చూడలేను, గదిలో ఉంటే చూడగలను." నమాజు హాలుకు అందకుండా గది అవతలి గోడకు రౌటరు పెట్టాం. అసర్ నుండి ఇషా దాకానే, నమాజు వేళ ఆపేస్తాము. ఆడపిల్లలకు ఉర్దూ బడి గదిలో వేరే ఏర్పాటు, అక్కడ మన టీచరమ్మ ఉంటారు. ఇంకొక చిన్న పని చేశాం, ఇది మీరు ఇంట్లో కూడా చేసుకోవచ్చు. రౌటరు సెట్టింగులలో డీఎన్‌ఎస్ అనే గడిలో 1.1.1.3 అని పెడితే అశ్లీల సైట్లు చాలామటుకు తెరుచుకోవు. ఖర్చేమీ లేదు. పూర్తిగా ఆగుతాయని మేము హామీ ఇవ్వము. తెలివైన కుర్రవాడు దాటిపోతాడు. అంత తెలివి ఉన్నవాణ్ని ఈఏపీసెట్‌కు కూర్చోబెడదాం.

ఇక్కడ ఒక హెచ్చరిక. కొందరు తమ ఇంటి కనెక్షను పక్క నాలుగిళ్లకు ఇచ్చి నెలకు వందో నూటయాభయ్యో వసూలు చేస్తున్నారు. ఒకే ఆవరణలో ఉన్న అన్నదమ్ములు పంచుకుంటే అది ఇంటి విషయం. ఊరికి అమ్మడం మాత్రం లైసెన్సు లేకుండా కుదరదు. ఆ వైఫై మీద ఎవడో తప్పుడు పని చేస్తే పోలీసులు వచ్చేది కనెక్షను ఎవరి పేరున ఉంటే వారి ఇంటికే. మన పిల్లలకు ఆ చిక్కు అసలే వద్దు. చట్టబద్ధమైన దారి ఒకటున్నది. 2020 డిసెంబరులో కేంద్రం ఒప్పుకున్న పీఎం-వాణి పథకం. కిరాణా కొట్టు, టీ హోటలు, సంఘం ఎవరైనా వైఫై పెట్టి చిన్న చిన్న మొత్తాలకు అమ్మవచ్చు. పెట్టేవారికి లైసెన్సు, రిజిస్ట్రేషను ఫీజు అక్కర్లేదు. వాడేవారి గుర్తింపు, లెక్కలు చూసే సంస్థ వేరే ఉంటుంది, దానితో ఒప్పందం చేసుకోవాలి. ఇటువంటి వైఫై కేంద్రాల నుండి కంపెనీలు ఎడాపెడా వసూలు చేస్తుంటే, 200 ఎంబీపీఎస్ దాకా మామూలు ఇంటి ధరకు రెండింతలు మించరాదని 2025 జూన్‌లో ట్రాయ్ కట్టడి పెట్టింది. మన ఆఫీసు గది వైఫై ఇప్పుడు ఉచితమే. దాన్ని ఈ పద్ధతిలోకి మార్చాలా అన్నది కార్యవర్గం ముందున్న విషయం. మా అభిప్రాయం మార్చాలనే.

ఇవన్నీ మనమే మొదట చేస్తున్నామని గర్వపడనక్కర్లేదు. మధ్యప్రదేశ్‌లోని చందేరీలో 2010 ప్రాంతంలో చేనేతవారి కోసం గాలిలోనే, వైర్‌లెస్సుతో, నెట్టు పంచే ఏర్పాటు చేశారు. మగ్గాల మీద కూర్చునే వారిలో మన అన్సారీలు ఎందరో. ఇంగ్లండులో లంకాషైర్ పల్లెలకు కంపెనీలు రామంటే, 2011లో రైతులు సంఘం పెట్టుకొని తమ పొలాల్లో తామే గాడి తవ్వి ఫైబరు పరచుకున్నారు. పొలం గుండా తీగ పోనిచ్చినందుకు ఎవరూ డబ్బు అడగలేదట. నెలకు 30 పౌండ్లకు సెకనుకు వెయ్యి మెగాబిట్లు వేసుకున్నారు. మనకు వెయ్యి వద్దు. అయితే పొలం గుండా తీగ పోనివ్వడం అనే మాట దగ్గర మేము ఆగాము, ఎందుకో ఇప్పుడే చెబుతాము.

గాలిలో వచ్చే కొత్త రకాల గురించి అడుగుతున్నారు. ఎయిర్‌ఫైబర్ అని 2023లో రెండు పెద్ద కంపెనీలు మొదలుపెట్టాయి. అందులో జియోవారు మొదట 30 ఎంబీపీఎస్‌కు నెలకు 599 అన్నారు, పన్నుతో 707 దాకా వస్తుంది. మిద్దె మీద పెట్టె పెడతారు, తీగ అక్కర్లేదు. అయితే 5జీ సిగ్నలు మీ మిద్దె దాకా రావాలి. కొండ వెనక వీధికి అది రాదు. మిగతావారు కూడా ఆరు నెలల డబ్బు ముందే కట్టవద్దు, మిద్దె మీద పెట్టి చూపించమనండి. ఇక ఉపగ్రహం నుండి నేరుగా వచ్చే నెట్టుకు స్టార్‌లింక్ కంపెనీకి 2025 జూన్‌లో కేంద్రం లైసెన్సు ఇచ్చింది. కొండా లేదు, టవరూ లేదు, ఆకాశం కనబడితే చాలు. ఇతర దేశాల్లో దాని ధరలు చూస్తే మాత్రం ఒక్కో ఇల్లు భరించేది కాదు.

ఇక మిగిలిన పని. వాగు అవతల తొమ్మిది గడపలున్నాయి, ఎక్కువగా నూర్‌బాషాలవి, పరుపులు కుట్టే ఇళ్లు. వారికి కరెంటు లైను చుట్టు తిరిగి పోతుంది, ఆ దారిన తీగ వేస్తే ఖర్చు రెండింతలంటున్నాడు కేబుల్ అబ్బాయి. దగ్గరి దారి రెండు పొలాల గుండా. ఒక పొలం వారిని అడిగితే వెంటనే సరేనన్నారు, వారు మన జమాత్ కూడా కాదు, రెడ్డిగారి కుటుంబం. రెండో పొలం మనవారిదే. అన్నదమ్ముల మధ్య వాటాల తగాదా ఉన్నది, స్తంభం పాతితే ఎవరి వాటాలోకి వస్తుందోనని ఇద్దరూ ఒప్పుకోవడం లేదు. వారు ఈ సభలో ఉన్నారు. మేము పేర్లు చెప్పడం లేదు, వారికి తెలుసు. స్తంభం గట్టు మీద పాతుతాము, గట్టు ఇద్దరిదీ.

2023లో ఇంట్లో ఉండిపోయిన పిల్ల మరుసటి ఏడు డిగ్రీలో చేరింది. వాళ్ల చెల్లెలు ఈ ఏడు ఇంట్లోనే కూర్చొని ఆప్షన్లు పెట్టింది, నూటికి పైగా పెట్టిందట, అన్ని ఎందుకమ్మా అంటే, "ఆగకుండా పోతుంది కదా చాచా, పెడుతూ పోయాను" అన్నది.

కొత్తగా పేరు రాయించుకునేవారు ఇషా తరువాత ఆఫీసు గదికి రండి. నోటుబుక్కు అక్కడే ఉంటుంది. కరెంటు బిల్లు, ఆధార్ నకలు తెచ్చుకోండి. పొలం అన్నదమ్ములు కూడా వస్తే టీ చెప్పి ఉంచుతాము.

వస్సలాం.